పడుగు - పేక: పరిశోధనలో సహకారము, ప్రయోజనము

పరిశోధన అనగానే మన విద్యార్థుల మనస్సులో ఒక చిత్రం మెదలుతుంది. గ్రంథాలయంలో ఒక మూల, పుస్తకాల గుట్టల నడుమ, లోకాన్ని మరచి ఒంటరిగా కూర్చొని వ్రాసుకొంటున్న పండితుని చిత్రమది. ఈ చిత్రంలో కొంత సత్యం లేకపోలేదు. ఏకాగ్రత లేనిదే ఏ విద్యా సిద్ధించదు. అయితే ఆ పండితుని ఎదుట నున్న నిఘంటువును కూర్చినవారెవరు? ఆ నిఘంటువులోని మాటలను వారికి చెప్పినవారెవరు? ఇంత శ్రమపడి ఆయన వ్రాస్తున్న గ్రంథాన్ని రేపు చదివేవారెవరు? ఈ ప్రశ్నలు వేసుకొన్న మరుక్షణమే ఆ ఒంటరి గది జనంతో నిండిపోతుంది.

పరిశోధన ఎవరితో కలిసి చేయాలి? ఎవరి కొరకు చేయాలి? మొదటిది సహకారాన్ని గురించిన ప్రశ్న, రెండవది ప్రయోజనాన్ని గురించిన ప్రశ్న. పైకి ఇవి వేరువేరుగా కనిపిస్తాయి. కాని నిజానికి రెండూ ఒక్కటే అని మేము నమ్ముతున్నాము. ఈ నమ్మకం మాకు గ్రంథాల వలన కొంతా, మేము చేసిన ఒక పొరపాటు వలన కొంతా కలిగింది. మేము భాషను బోధించేవారము. అందునా ఉర్దూ, తెలుగు రెండూ పక్కపక్క గదులలో వినిపించే కళాశాలలో బోధిస్తున్నవారము. కనుక ఈ విషయాన్ని మాటల సేకరణ, పదకోశాల నిర్మాణం అనే రంగం నుండి తీసికొన్న ఉదాహరణలతో వివరించడానికి ప్రయత్నిస్తాము.

ఒకే బల్ల చుట్టూ ఇద్దరు పండితులు

1917లో హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ మాధ్యమంగా ఒక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పవలసినదిగా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశారు. అదే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఉన్నత విద్యను ఆంగ్లంలో గాక ఒక భారతీయ భాషలో నేర్పాలన్న సంకల్పం ఆనాడు సాహసమే. సంకల్పం ఎంత గొప్పదైనా, తరగతి గదిలో విద్యార్థి చేతిలో పుస్తకం ఉండాలి గదా! భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, ధర్మశాస్త్రం, చరిత్ర - వీటికి ఉర్దూలో పాఠ్యగ్రంథాలు ఎక్కడివి? అందుకే విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలు కావడానికి ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. దానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు అధిపతి అయ్యారు. 1919లో కళాశాల తరగతులు ప్రారంభమయ్యాయి.

అనువాదకులకు మొదట ఎదురైన చిక్కు పారిభాషిక పదాలది. ఒక శాస్త్ర పదానికి సమానమైన మాట కావాలంటే ఎవరిని అడగాలి? శాస్త్రజ్ఞునికి విషయం తెలుసు, కాని మాటను మలిచే నేర్పు లేదు. భాషాపండితునికి ధాతువులు తెలుసు, ప్రత్యయాలు తెలుసు, కాని ఆ మాట వెనుకనున్న వస్తువు తెలియదు. అందువలన ఉభయులనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే పరిభాషా సంఘాలు ఏర్పడ్డాయి. ఒకరు లేక మరొకరు ఈ పని చేయజాలరన్నది అబ్దుల్ హఖ్ గారి దృఢమైన అభిప్రాయం.

ఈ బల్ల చుట్టూ ఏకాభిప్రాయమే రాజ్యమేలిందని భ్రమపడరాదు. కొత్త మాటలను అరబ్బీ ధాతువుల నుండి రూపొందించాలని ఒక పక్షం, ఉర్దూ భారతదేశంలో పుట్టిన భాష గనుక ఈ దేశపు పదాలను, ఉపసర్గలను, ప్రత్యయాలను ధైర్యంగా వాడుకోవాలని మరొక పక్షం వాదించుకొన్నాయి. రెండవ పక్షానికి చెందిన వహీదుద్దీన్ సలీమ్ గారు 1921లో పరిభాషా నిర్మాణాన్ని గురించి ఒక శాస్త్ర గ్రంథమే రచించారు. గమనించండి! సహకారమంటే తలలూపడం కాదు. వాదన ముగిసిన తరువాత ఇరుపక్షాలూ కలిసి పుస్తకాన్ని అచ్చుకు పంపడం. అటువంటి వాదాల మధ్యనే వందలాది గ్రంథాలు వెలువడ్డాయి.

ఈ కృషి గొప్పతనాన్ని మేము ఏమాత్రం తగ్గించడం లేదు. అయితే రెండవ ప్రశ్నను కూడా అడగక తప్పదు. ఎవరి కొరకు? ఆనాటి హైదరాబాదు సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవారు ఉండేవారు. వారిలో తెలుగు మాట్లాడేవారి సంఖ్యే అధికం. పల్లె నుండి వచ్చిన తెలుగు విద్యార్థికి ఆంగ్లం ఎంత పరాయిదో, అరబ్బీ ధాతువుల నుండి పుట్టిన పరిభాష కూడా ఇంచుమించు అంతే పరాయిది. ఆ మాటకు వస్తే ఆ పరిభాష ఉర్దూ మాట్లాడే సామాన్యునికి కూడా సులభం కాదు. 1948 తరువాత విశ్వవిద్యాలయంలో బోధనా మాధ్యమం ఆంగ్లానికి మారింది. దానికి రాజకీయ కారణాలు ప్రధానమైనవే. కాని మా దృష్టిలో మరొక లోపం కూడా ఉంది. ఆ బల్ల చుట్టూ విషయం తెలిసినవాడు ఉన్నాడు, భాష తెలిసినవాడు ఉన్నాడు. చేతిపని తెలిసిన మూడవవాడికి మాత్రం అక్కడ పీట వేయలేదు.

మూడవవాని కొరకు వెదుకులాట

ఈ మూడవవానిని వెదకుతూ వెళ్ళినవారు ఉర్దూలోనూ ఉన్నారు, తెలుగులోనూ ఉన్నారు. మౌల్వీ జఫరుర్రహ్మాన్ దెహ్లవీ గారు వృత్తిపనివారి మాటలన్నింటినీ సేకరించి ఒక కోశం కూర్చారు. దాని పేరు ఫర్హంగె ఇస్తిలాహాతె పేషావరాఁ. అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ వారు 1939 నుండి దానిని ఎనిమిది సంపుటాలుగా ప్రకటించారు. పండితులు బల్ల వద్ద కూర్చొని కొత్త మాటలు కల్పిస్తూ ఉండగా, వడ్రంగి నోటిలోనూ, దర్జీ నోటిలోనూ శతాబ్దాలుగా ఆడుతున్న పరిభాష ఒకటి సిద్ధంగా ఉన్నదని ఆ గ్రంథం నిరూపించింది.

తెలుగులో ఇటువంటి కార్యాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. అది వ్యవసాయ పదాల సంపుటం. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. తరువాత ఇతర వృత్తుల సంపుటాలు కూడా వచ్చాయి. 1962లోనే కృష్ణమూర్తి గారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖకు ఆచార్యులుగా వచ్చారు. 2012లో వారు పరమపదించేనాటికి ద్రావిడ భాషాశాస్త్రంలో వారి పేరు ప్రపంచ ప్రఖ్యాతి పొందింది.

ఈ పదకోశానికి ముడిసరకు పాత గ్రంథాలలో లేదు. అది పొలం గట్టు మీద ఉంది. అందుచేత పరిశోధకులు ప్రశ్నావళులు చేతబట్టి జిల్లా జిల్లాకూ, పల్లె పల్లెకూ వెళ్ళవలసి వచ్చింది. నాగలిని చూపి, దీని భాగాల పేర్లేమిటని రైతును అడిగి, మేడి, నొగ, కర్రు, కాడి అంటూ ఆయన చెప్పిన మాటను చెప్పినట్లు వ్రాసుకోవాలి. ఆ పక్క జిల్లాలో అదే పనిముట్టుకు వేరొక పేరు ఉండవచ్చు. ఎడ్లతో నీరు తోడే తోలు బొక్కెనను తెలంగాణంలో మోట అంటే, రాయలసీమలో కపిల అంటారు. ఏది శుద్ధం, ఏది అశుద్ధం అన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. రెండూ తెలుగే. రెండింటినీ పక్కపక్కన నిలిపి చూపడమే శాస్త్రం.

ఇట్లా చేర్చిన మాటలను పోల్చి చూసినప్పుడు తెలుగు దేశంలో నాలుగు భాషా మండలాలు కనిపించాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతం పూర్వ మండలం. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలు మధ్య మండలం. నెల్లూరు, రాయలసీమ జిల్లాలు దక్షిణ మండలం. తెలంగాణం ఉత్తర మండలం. ఈ విభజన ఏ ఒక్క పండితుని ఊహలోనూ పుట్టలేదు. ఊరూపేరూ తెలియని వందలాది రైతులు తమ తమ ఊళ్ళలో చెప్పిన మాటలు కలిసి ఈ పటాన్ని గీశాయి. ఇంతకంటె పెద్ద సహకారం ఏ ప్రయోగశాలలో జరుగుతుంది?

మరొక్క విశేషం. ఆ రైతు నోటి మాటలను కొంచెం శ్రద్ధగా వినండి. ఖరీఫ్ అంటాడు, అది అరబ్బీలో శరదృతువు. రబీ అంటాడు, అది అరబ్బీలో వసంతం. కౌలు అంటాడు, దానికి మూలమైన అరబ్బీ పదం ఖౌల్, అనగా ఇచ్చిన మాట. అంతెందుకు, రైతు అన్న మాటే అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మన పొలంలోకి వచ్చింది. అదే రైతు నాగలి, కాడి, కర్రు అన్నప్పుడు మన దేశి పదాలు పలుకుతున్నాడు. ఒక్క వాక్యంలో రెండు భాషా కుటుంబాలను కలిపి మాట్లాడుతున్నా ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది అంతా మనకే! తెలుగు ఉపన్యాసకునికి అరబ్బీ ధాతువు తెలియదు. ఉర్దూ ఉపన్యాసకునికి ద్రావిడ ధాతువు తెలియదు. ఒక రైతు వాక్యాన్ని సమగ్రంగా వ్యాఖ్యానించాలంటే మా ఇరుశాఖలూ కలిసి కూర్చోవలసిందే.

కృతజ్ఞత చెప్పిన పండితులు

సహకారాన్ని గురించి చెప్పేటప్పుడు ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును తలచుకోకుండా ఉండలేము. ద్రావిడ భాషలలోని సజాతీయ పదాలను ఒకచోట చేర్చిన ఈ మహాగ్రంథం 1961లో వెలువడింది. దీని కర్తలు ఇద్దరు. థామస్ బరో గారు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో సంస్కృతాచార్యులు. ఎం.బి. ఎమెనో గారు అమెరికాలోని బర్క్‌లీలో ఆచార్యులు. ఇద్దరి నడుమ ఒక మహాసముద్రం, ఒక ఖండం ఉన్నాయి. అయినా ఆ గ్రంథంలో ఇది నా భాగం, అది నీ భాగం అన్న గీత పాఠకునికి కనిపించదు. అంతటితో వారు చేతులు కడుగుకోలేదు. 1968లో అనుబంధం తెచ్చారు. 1984లో సవరించిన రెండవ ముద్రణ తెచ్చారు. మొదటి ముద్రణలోని తప్పులను తామే దిద్దుకొనే వినయం కూడా సహకారంలో ఒక భాగమే.

అయితే ఇక్కడ కూడా మూడవవాడు ఉన్నాడు. ఎమెనో గారు 1935 నుండి మూడేళ్ళు మన దేశంలో ఉండి నీలగిరులలోని తోడ, కోత మొదలైన లిపి లేని భాషలను పరిశీలించారు. కోత భాషలో ఆయనకు గురువు వంటివాడు సుల్లి అనే కోత జాతీయుడు. ఎమెనో గారు ప్రకటించిన కోత కథలన్నీ సుల్లి నోటి నుండి వచ్చినవే. ఎమెనో గారు ఈ సంగతిని దాచలేదు. సుల్లిని ఏదో ఒక సమాచార సాధనంగా గాక ప్రతిభగల కథకునిగా లోకానికి పరిచయం చేశారు. డేవిడ్ మాండెల్బామ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1960లో సుల్లి జీవితాన్ని గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసమే వ్రాశారు. ఆక్స్‌ఫర్డు పేరు, బర్క్‌లీ పేరు నిలిచిన శాస్త్రంలో నీలగిరుల సుల్లి పేరు కూడా నిలిచి ఉంది. పరిశోధకుని మర్యాద అంటే ఇది.

మా పొరపాటు

ఇంతవరకు ఇతరుల గొప్పతనాన్ని చెప్పాము. ఇక మా సంగతి చెప్పుకోవాలి. లేకపోతే ఈ వ్యాసం ఉపదేశం అవుతుంది గాని పాఠం కాదు.

ఎం.ఏ. చదివే రోజులలో మేము మరి ఇద్దరు మిత్రులతో కలిసి చేనేత పదాల మీద ఒక చిన్న పరిశోధన వ్యాసం సిద్ధం చేయవలసి వచ్చింది. ఉత్తర తెలంగాణంలో ఒక నేతపనివారి వాడకు వెళ్ళాము. అక్కడ ఒక వృద్ధుడు గుంటమగ్గం మీద నేస్తున్నాడు. వరుసగా నాలుగు దినాలు వెళ్ళాము. ఆయన తన పని ఆపుకొని మాకు నాడె చూపించాడు, కండె చూపించాడు, పడుగు ఎట్లా సాగదీస్తారో, పేక ఎట్లా వేస్తారో చేసి చూపించాడు. దినమంతా నేస్తే వచ్చే కూలిలో మేము ఎంత భాగం తిన్నామో ఆనాడు మాకు తోచలేదు. చివరి దినం ఆయన మమ్మల్ని అడిగాడు:

"ఇవన్ని రాసుకపోయి ఏం జేస్తరు బిడ్డా?"

"పుస్తకం చేస్తాము పెద్దయ్యా" అన్నాము.

"అయితే అయినంక నాకు గూడ సూపియ్యుండ్రి. మా మాటలు పుస్తకంల ఎట్లుంటయో సూస్త" అన్నాడు.

తప్పకుండా తెస్తామని మాట ఇచ్చాము. పరిశోధన వ్యాసం సమర్పించాము. మంచి మార్కులు వచ్చాయి. ముందుమాటలో మా మార్గదర్శకులకు, గ్రంథాలయ సిబ్బందికి, టైపు చేసినవారికి, మిత్రులకు, తల్లిదండ్రులకు ధన్యవాదాలు చెప్పుకొన్నాము. ఆ వృద్ధుని పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. మరచిపోయామని అంటే అది అబద్ధమవుతుంది. ఆయన పేరు అక్కడ ఉండవలసినదేనన్న ఆలోచనే మాకు రాలేదు.

ఆరేడేళ్ళ తరువాత, ఉద్యోగంలో చేరిన పిమ్మట, ఏదో పెండ్లికి అటు వెళ్ళినప్పుడు ఆ మాట గుర్తుకు వచ్చింది. మా దగ్గర మిగిలిన ఒక జిరాక్సు ప్రతిని తీసికొని ఆ ఇంటికి వెళ్ళాము. వృద్ధుడు లేడు. అంతకు రెండేళ్ళ ముందే కాలం చేశాడు. మగ్గం గుంట పూడ్చివేసి దాని మీద బియ్యం బస్తా పెట్టారు. కొడుకు భివండిలో పవర్‌లూము పనికి వెళ్ళాడు. కోడలు వాకిట్లో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. వచ్చిన పని చెప్పాము. ఆమె నొచ్చుకోలేదు. "సదువుండ్రి సారూ, వింట" అన్నది. ఆమె చేతులు తునికాకు మీద ఆడుతూనే ఉన్నాయి. మేము మాటల పట్టిక చదవడం ప్రారంభించాము. పడుగు అనగా అడ్డముగా పోవు నూలు, పేక అనగా నిలువుగా సాగదీసిన నూలు అని చదివామో లేదో, ఆమె చేతులు ఆగిపోయాయి.

"తిరగ రాసిండ్రు సారూ! పడుగు నిలువు గద. అడ్డం పోయేది పేక. మా మామ అట్ల జెప్పడు."

నిజమే. ఆయన అట్లా చెప్పలేదు. మా నోటు పుస్తకంలో సరిగానే ఉంది. శుద్ధప్రతి వ్రాసేటప్పుడు మేమే తారుమారు చేశాము. మేము ముగ్గురం చూసుకోలేదు. పరీక్షించిన పండితులు చూడలేదు. మంచి మార్కులతో ఆ తప్పు విశ్వవిద్యాలయం అల్మారాలో భద్రంగా కూర్చుంది. బడి మొగం చూడని ఒక బీడీ కార్మికురాలు ఒక్క నిమిషంలో దానిని పట్టుకొన్నది.

ఆ దినం మాకు రెండు సంగతులు తెలిసివచ్చాయి. వ్రాసినదానిని చెప్పినవారికి తిరిగి వినిపించి ఉంటే ఆ తప్పు ఉండేది కాదన్నది ఒకటి. అంటే సహకారాన్ని మేము మధ్యలో తెంచివేశాము. ఆ వ్యాసాన్ని మేము నిజంగా ఎవరి కొరకు వ్రాశామన్నది రెండవది. మార్కుల కొరకు వ్రాశాము. మార్కులు ఇచ్చేవారికి పడుగు నిలువైనా అడ్డమైనా ఒక్కటే. కనుక తప్పు నిలిచిపోయింది. ఆ ఇంటివారి కొరకు వ్రాసి ఉంటే తప్పు నిలిచేది కాదు. సహకారము, ప్రయోజనము రెండూ ఒక్కటే అని మొదట చెప్పిన మాటకు అర్థం ఇదే.

ప్రయోజనమంటే ఏమిటి?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రతి పరిశోధనా వెంటనే ఎవరికో ఉపయోగపడాలంటే మూలశాస్త్రాలు ఏమి కావాలి? పది మంది కలిసి చేసిన పనిలో వ్యక్తి ప్రతిభ మరుగున పడదా? ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. కృష్ణమూర్తి గారే తెలుగు ధాతువులను గురించిన తమ ప్రసిద్ధ గ్రంథాన్ని 1961లో ఒక్కరుగా ప్రకటించారు. ఆ మరుసటి ఏడే పదిమంది శ్రమతో పదకోశాన్ని తెచ్చారు. ఒంటరి కృషి, సామూహిక కృషి ఒకే మనిషిలో శత్రువులు కావలసిన పని లేదని దీని వలన తెలుస్తుంది. ఒకే వ్యాసం మీద అయిదుగురు పేర్లు వేసుకొన్నంత మాత్రాన అది సహకారం అయిపోదు. పదోన్నతి కొరకు పేర్లు పంచుకొనే పద్ధతిని మేము ఈ వ్యాసంలో సమర్థించడం లేదు.

ప్రయోజనమంటే డబ్బు ప్రయోజనం మాత్రమే కాదు. ఆసు అన్న మాటనే తీసికొనండి. పోచంపల్లి చీరల నేతలో, రంగులద్దక ముందు నూలును కొయ్యల మధ్య అటూ ఇటూ పోయడాన్ని ఆసు పోయడం అంటారు. నిఘంటువులో అది ఒక్క పంక్తి. ఇంటిలో అది ఆడవారి పని. ఒక్క చీరకు వేల పర్యాయాలు చేయి ఆడించాలి. చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువులు లేకపోయినా ఏళ్ళ తరబడి ప్రయత్నించి, ఆసు పోసే యంత్రాన్ని తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో భారత ప్రభుత్వం వారిని పద్మశ్రీతో సత్కరించింది. ఆయన ప్రయోగశాల ఆయన ఇల్లే. ఆయన సహకారి ఆయన తల్లి. ఆయన పరిశోధన ప్రయోజనం ఆమె భుజం.

అందరమూ యంత్రాలు కనిపెట్టలేము. భాషా విద్యార్థి మగ్గాన్ని బాగు చేయలేడు, పూడిన గుంటను తిరిగి తవ్వలేడు. కాని ఆ మగ్గంతోపాటు పూడిపోతున్న మాటలను సరిగా వ్రాసి, ఎవరి వద్ద తీసికొన్నాడో వారి పేరుతో నిలుపగలడు. తమ తాత నోటి మాట అచ్చులో చూచుకొన్న మనుమరాలు ఆ మాటను సిగ్గుపడకుండా తరగతిలో పలుకుతుంది. ఇది చిన్న ప్రయోజనమని మేము అనుకోవడం లేదు.

మన కళాశాలలో ఏమి చేయవచ్చు?

విద్యార్థులారా! మీ ఇండ్లను ఒక్కసారి తలచుకొనండి. మీలో దర్జీల బిడ్డలు ఉన్నారు. జరీపని చేసే తల్లుల బిడ్డలు ఉన్నారు. గిన్నెలకు కళాయి వేసినవారి మనుమలు, వడ్రంగుల, నేతపనివారి, కౌలు రైతుల బిడ్డలు ఉన్నారు. మీరు ఇంటిలో వినే మాటలలో ఎన్నో ఏ నిఘంటువులోనూ ఉండకపోవచ్చు. ఆ మాటలు తరగతికి తగవని మీలో కొందరు వాటిని గడప దగ్గరే వదలి వస్తున్నారు. అది మీ తప్పు కాదు, వాటిని ఎన్నడూ అడగని మాది.

కనుక వచ్చే విద్యాసంవత్సరంలో ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి ఒక చిన్న వృత్తి పదకోశాన్ని సిద్ధం చేయాలని మేము ప్రతిపాదిస్తున్నాము. దానికి నాలుగు నియమాలు చాలు. మొదటిది, ప్రతి ఇంటికీ ఇద్దరు విద్యార్థులు కలిసి వెళ్ళాలి, ఒకరు ఉర్దూ వారు, ఒకరు తెలుగు వారు. రెండవది, మాట చెప్పినవారి పేరును వారి అనుమతితో ఆ మాట పక్కనే వ్రాయాలి. మూడవది, శుద్ధప్రతి సిద్ధం కాగానే మరల వారి ఇంటికి వెళ్ళి చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోవాలి. నాలుగవది, అచ్చయిన తరువాత మొదటి ప్రతి కళాశాల గ్రంథాలయానికి గాక ఆ ఇండ్లకు చేరాలి. మూడవ నియమాన్ని మేము ఎంత ఖరీదు పెట్టి నేర్చుకొన్నామో ఇప్పటికే చెప్పాము.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ పనికి పెద్ద మొత్తం అవసరం లేదు. నోటు పుస్తకాలు, బస్సు చార్జీలు, ఒక అల్మారా, చివరకు ఒక చిన్న పుస్తకం అచ్చు ఖర్చు. మాటలను రికార్డు చేయడానికి నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది. అయితే ఒక సహాయం మాత్రం మీరే చేయగలరు. రెండు శాఖల సమయ పట్టికలో వారానికి ఒక్క గంటను ఉమ్మడిగా కేటాయించండి. ఇన్నేండ్లుగా గోడకు అటూ ఇటూ పాఠాలు చెప్పుకొంటున్నాము. ఒకే బల్ల దగ్గర కూర్చొనే అవకాశం మాకు ఇంతవరకు రాలేదు.

తెలుగులో పడుగు, పేక అంటాము. ఉర్దూలో తానా, బానా అంటారు. నిలువు పోగులు ఎన్ని ఉన్నా అడ్డం పోగు లేనిదే బట్ట కాదు. పండితుడు పండితునితో కలవడం పడుగు అయితే, ఆ ఇద్దరూ పనివానితో కలవడం పేక. మొదటిది మన విశ్వవిద్యాలయాలలో అంతో ఇంతో సాగుతున్నది. రెండవది సాగినప్పుడే పరిశోధన కప్పుకొనే బట్ట అవుతుంది. అంతవరకు అది మగ్గం మీద సాగదీసిన నూలు మాత్రమే.

ఆ వృద్ధుని పేరు ఈసారి మేము మరువము. ఆ ఇంటివారి అనుమతి తీసికొని, మన పదకోశం మొదటి పుటలో, పడుగు అన్న మాట పక్కన దానిని వ్రాస్తాము. అర్థం కూడా ఈసారి సరిగా వ్రాస్తాము.